కీలు మార్పిడి: పడమటి ప్రకాశంలో ఇంటివారికి ఆలస్యంగా అందిన సంగతులు

మార్కాపురం, గిద్దలూరు, కనిగిరి, పొదిలి ప్రాంతాలవారు మోకాలి కీలునో తుంటి కీలునో మార్పించుకోవడం నేడు విశేషం కాదు. ఆ శస్త్రచికిత్సను వివరించే వ్యాసాలు కూడా కొరత లేకుండా లభిస్తున్నాయి. రోగిని ఇంటికి తెచ్చుకొని నెలల తరబడి కనిపెట్టుకొని ఉండే భార్యకు, కోడలికి, కుమారునికి ఏమి తెలియాలి అన్న ప్రశ్న మాత్రం అరుదుగా చర్చకు వస్తుంది. దీనికి సమాధానం చెప్పాలంటే ఈ ప్రాంతపు కీళ్లజబ్బుల చరిత్రను కొంత తిరగవేయాలి. ఆ చరిత్రలో మొదటి నుంచీ ఒక లోపం కనబడుతుంది. బాధను అనుభవించిన ఇంటికి దాని కారణం ఎప్పుడూ చివరనే తెలిసింది.

ఎద్దులు చెప్పిన మొదటి మాట

ఈ నేలమీద కీళ్లజబ్బును మొట్టమొదట కనిపెట్టినది వైద్యులు కాదు, రైతులు. 1930 దశకం తొలినాళ్లలో ఇక్కడి రైతులు తమ దుక్కిటెద్దులు నడవలేకపోవడం గమనించారు. కీళ్లు బిగిసిపోయి, అడుగు వేయడానికే అవి బాధపడేవి. రైతులు ఆ జతను వదిలించుకొని కొత్త జతను కొని తెచ్చుకున్నారు. కొన్నాళ్లకు కొత్త ఎద్దులకూ అదే గతి పట్టింది. లోపం పశువులో లేదనీ, ఆ నేలలోనో నీటిలోనో ఉన్నదనీ ఊహించడానికి ఆ అనుభవమే చాలు. అయితే ఆ ఊహను నిర్ధారించగల పరీక్ష అప్పటికి పల్లెకు అందుబాటులో లేదు.

మనుషులలో అదే జబ్బును 1937లో శాస్త్రీయంగా వర్ణించారు. మద్రాసు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన లెఫ్టినెంట్ కర్నల్ హెచ్. ఇ. షార్ట్, ఆయన సహచరులు మెక్ రాబర్ట్, బర్నార్డ్, మన్నాడి నాయర్ కలిసి మద్రాసు రాష్ట్రంలోని ఫ్లోరోసిస్ గురించి ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్‌లో ఒక వ్యాసం ప్రచురించారు. తాగే నీటిలో ఫ్లోరైడ్ అధికంగా ఉండడమే మూలమని, అది పళ్లను గారపట్టించడంతో ఆగక వెన్నెముకను, కీళ్లను బిగదీస్తుందని లోకానికి తెలిసింది.

ఆనాటి నివేదికలలో వెదికితే మీకు ప్రకాశం జిల్లా పేరు కనబడదు. అప్పటికి ఈ జిల్లాయే లేదు. పొదిలి, దర్శి, కనిగిరి నెల్లూరు జిల్లాలోనివి. మార్కాపురం, గిద్దలూరు, కంభం కర్నూలు జిల్లాలోనివి. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడి, 1972లో దానికి ప్రకాశం పంతులుగారి పేరు పెట్టారు. అందుచేత మన పెద్దల వెన్నునొప్పి, మోకాళ్లనొప్పి వైద్యగ్రంథాలలోకి 'నెల్లూరు' పేరుతో ఎక్కింది. అది ఆంగ్లంలో ఉన్నది, మద్రాసు గ్రంథాలయాలలో ఉన్నది. బావి నుంచి నీళ్లు మోసిన ఇల్లాలికి మాత్రం ఆ సంగతి ఎవరూ చెప్పలేదు.

1973లో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి మరొక రూపాన్ని లాన్సెట్ పత్రికలో వర్ణించారు. ఫ్లోరైడ్ పీడిత గ్రామాల యువకులలో మోకాళ్లు లోపలికి వంగి ఒకదానికొకటి తగులుతూ, పాదాలు ఎడంగా పోవడం, ఎముకల సాంద్రత తగ్గడం వారు గమనించారు. అదే దశాబ్దంలో నాగపూరుకు చెందిన నీరి సంస్థ పటిక, సున్నం కలిపి నీటిలోని ఫ్లోరైడ్‌ను తగ్గించే విధానాన్ని రూపొందించింది. దానికి నల్లగొండ విధానమనే పేరు స్థిరపడింది. 2008–09లో కేంద్రం ఫ్లోరోసిస్ నివారణ, నియంత్రణ జాతీయ కార్యక్రమాన్ని ఆరంభించినప్పుడు తొలి విడతలో ఎంచుకున్న జిల్లాలలో నెల్లూరు ఒకటి. రైతు తన ఎద్దును చూసి అనుమానించిన నాటి నుంచి జాతీయ కార్యక్రమం దాకా లెక్కవేస్తే డెబ్బై ఏళ్లు దాటింది.

మన ఎముకలో ఉన్న ప్రత్యేకత

కీలు మార్పిడికి దారితీసే జబ్బులలో ముఖ్యమైనది వయసుతో వచ్చే అరుగుదల. దానిని ఆస్టియో ఆర్థరైటిస్ అంటాము. ఎముకల చివర ఉండే నునుపైన మృదులాస్థి అరిగి, ఎముక ఎముకతో రాసుకుంటుంది. రుమటాయిడ్ కీళ్లవాతం, పాత విరుగుళ్లు, తుంటి బంతికి రక్తప్రసారం ఆగిపోవడం ఇతర కారణాలు. ఫ్లోరైడ్ నీరు దీర్ఘకాలం తాగినవారిలో వీటికి తోడు మరొక సమస్య ఉంటుంది. ఎముక చూడటానికి చిక్కగా, గట్టిగా ఉన్నా పెళుసుగా మారుతుంది. కీళ్ల చుట్టూ ఉండే స్నాయువులలో సున్నం పేరుకుంటుంది. వెన్నెముక కర్రలా బిగుస్తుంది. కొందరిలో వెన్నుపాము మీదా, నరాల మీదా ఒత్తిడి పడి కాళ్లలో బలం తగ్గుతుంది.

ఈ తేడా ఇంటివారికి ఎందుకు తెలియాలి? నడవలేకపోవడానికి మూలం వెన్నుపాము మీది ఒత్తిడి అయినప్పుడు, మోకాలు ఎంత చక్కగా మార్చినా నడక రాదు. వెన్ను బిగిసి ఉన్నవారికి నడుములో మత్తుసూది వేయడం కష్టం కావచ్చు. గట్టిపడిన ఎముకను కోయడానికి శస్త్రవైద్యుడు ముందే సిద్ధపడాలి. ఇటువంటివారికి కీలు మార్పిడి చేయకూడదని దీని అర్థం కాదు. చేస్తున్నారు, మేలు పొందినవారూ ఉన్నారు. అయితే ఆ సిద్ధతకు కావలసిన సమాచారం రోగి ఇంట్లోనే ఉంటుంది. గుంటూరులోనో హైదరాబాదులోనో ఉన్న వైద్యునికి మీ ఊరి బోరు నీటి చరిత్ర తెలియదు. మీరే చెప్పాలి.

దంతపు కీలు నుంచి ప్లాస్టిక్ గిన్నె దాకా

ఇక శస్త్రచికిత్స చరిత్రకు వద్దాము. 1890లో బెర్లిన్‌లో థెమిస్టోక్లిస్ గ్లక్ అనే శస్త్రవైద్యుడు క్షయతో చెడిన మోకాలికి ఏనుగు దంతంతో చేసిన కీలును అమర్చాడు. ఆలోచన గొప్పదే. కానీ లోపలి క్షయ అలాగే ఉండడం వల్ల అటువంటి కీళ్లు నిలవలేదు. శరీరంలో ఎక్కడైనా సూక్ష్మజీవులు పొంచి ఉన్నంతకాలం కృత్రిమ కీలు క్షేమంగా ఉండదన్న పాఠం అప్పుడే మొదలైంది. నేటికీ ఆపరేషనుకు ముందు పంటి చీము, మూత్రంలో ఇన్ఫెక్షన్, చర్మంపై పుండు ఉన్నాయా అని వెదకడం ఆ పాఠం ఫలితమే.

ఇంగ్లండులోని రైటింగ్టన్ ఆసుపత్రిలో జాన్ చార్న్లీ ఆధునిక తుంటి కీలు మార్పిడికి రూపమిచ్చాడు. ఆయన తొలుత టెఫ్లాన్‌తో చేసిన గిన్నెను వాడాడు. దాదాపు 300 మందికి అమర్చాక, రెండు మూడేళ్లలోనే అది అరిగి, రాలిన పొడి చుట్టుపక్కల కణజాలాన్ని చెడగొట్టడం బయటపడింది. ఆయన ఆ రోగులను పిలిపించి తిరిగి శస్త్రచికిత్స చేయవలసి వచ్చింది. 1962 నవంబరులో మరింత గట్టిదైన పాలిథిన్ గిన్నెను వాడటం మొదలుపెట్టాడు. కొత్త పదార్థం వచ్చినా కొన్నేళ్లపాటు తాను శిక్షణ ఇవ్వని శస్త్రవైద్యులకు ఆ పరికరాలను అమ్మనివ్వలేదు. 1968లో ఫ్రాంక్ గన్‌స్టన్ మోకాలికి, 1970 దశకంలో న్యూయార్కులో జాన్ ఇన్సాల్ బృందం నేటి మోకాలి కీలుకు దగ్గరగా ఉండే రూపానికి బాటవేశారు. 1975లో స్వీడన్ దేశమంతటికీ మోకాలి కీళ్ల రిజిస్టరును తెరిచింది. ఏ కీలు ఎవరికి వేశారో, ఎన్నేళ్లు నిలిచిందో అందులో రాస్తారు. రోగిని గుర్తుపెట్టుకోకపోతే కీలులోని లోపం తెలియదని గ్రహించినందుకే ఆ ఏర్పాటు.

వార్డు నుంచి వాకిలికి మారిన బాధ్యత

ఈ చరిత్రలో ఒక మార్పును పుస్తకాలు క్లుప్తంగా ప్రస్తావించి వదిలేస్తాయి. చార్న్లీ కాలంలో రోగి వారాల తరబడి ఆసుపత్రి మంచం మీదే ఉండేవాడు. కాలును ఎలా పెట్టాలో, ఎప్పుడు లేపాలో, గాయాన్ని ఎలా చూడాలో నర్సులకూ ఫిజియోథెరపిస్టులకూ తెలుసు. మత్తుమందులు, నొప్పి నివారణ, శస్త్రవిధానం మెరుగుపడ్డాక రోగిని ఆ రోజో మరునాడో నడిపించి, కొద్ది రోజులలోనే ఇంటికి పంపుతున్నారు. త్వరగా నడవడం రోగికి మంచిదే. రక్తం గడ్డకట్టే ప్రమాదం, ఊపిరితిత్తుల ఇబ్బందులు తగ్గుతాయి. అయితే వార్డులో నర్సు చేసిన పని ఇప్పుడు ఇంట్లో కోడలు చేస్తున్నది. పని ఇంటికి మారింది. పనికి కావలసిన తెలివిడి మాత్రం చాలాసార్లు వార్డులోనే ఉండిపోయింది.

మన ప్రాంతంలో ఈ దూరం రోడ్డు దూరంగా కూడా కనబడుతుంది. గిద్దలూరు నుంచి నల్లమల ఘాటు దాటి నంద్యాలకో, రైలెక్కి గుంటూరుకో, బస్సులో ఒంగోలుకో హైదరాబాదుకో వెళ్లాలి. 2007లో మొదలై పేర్లు మారుతూ వచ్చిన ఆరోగ్యశ్రీ పథకం పెద్దాసుపత్రి గడపను పేదవారికి అందుబాటులోకి తెచ్చింది. 2017 ఆగస్టులో జాతీయ ఔషధ ధరల ప్రాధికార సంస్థ మోకాలి కీళ్లకు గరిష్ఠ ధరలు విధించింది. కోబాల్ట్ క్రోమియం కీలు పూర్తి సెట్టుకు అప్పుడు నిర్ణయించిన ధర పన్ను కాక 54,720 రూపాయలు. ఇవి రెండూ డబ్బుకు సంబంధించిన అడ్డంకులను తగ్గించాయి. ఇంటివారికి వివరించి చెప్పే గంట సమయాన్ని మాత్రం ఏ పథకమూ ఇంకా ఖాయం చేయలేదు.

ఇంకొక చిక్కు ఉంది. వైద్యుని గదిలో కూర్చొని విని, కాగితంపై సంతకం చేసేది సాధారణంగా కుమారుడో అల్లుడో. ఇంటి దగ్గర లేపి, నడిపించి, స్నానం చేయించేది భార్యో కోడలో కుమార్తెనో. విన్నవారు సెలవు ముగించుకొని హైదరాబాదుకో బెంగళూరుకో వెళ్లిపోతారు, చేయవలసినవారు వినలేదు. కాబట్టి నా మొదటి సూచన ఇది: ఇంట్లో నిజంగా సేవ చేయబోయే మనిషిని ఆపరేషనుకు ముందే ఒకసారి వైద్యుని వద్దకు, ఫిజియోథెరపిస్టు వద్దకు తీసుకువెళ్లండి.

మీరు చెప్పవలసినవి

వైద్యునికి మీరు తప్పక చెప్పవలసిన సంగతులు నాలుగున్నాయి. ఏ ఊరి నీటిని ఎన్నేళ్లు తాగారు, ఇంట్లో ఇతరులకు పళ్ల గార, నడుము బిగింపు ఉన్నాయా అన్నది మొదటిది. కాళ్లలో తిమ్మిరి, బలహీనత, మూత్రం పోయడంలో ఇబ్బంది, మెడ తిప్పలేకపోవడం ఉన్నాయా అన్నది రెండవది. నొప్పి కోసం ఊళ్లో వేయించుకున్న సూదులు, మింగిన పొడులు, మాత్రలు మూడవది. వాటిలో స్టెరాయిడ్లు ఉండి ఉంటే మత్తు ఇచ్చే వైద్యునికి ముందే తెలియాలి. నొప్పి మాత్రలు ఏళ్ల తరబడి వాడినవారికి మూత్రపిండాల పరీక్ష అవసరం. షుగరు, రక్తపోటు, రక్తం పలుచన చేసే మందులు నాలుగవది. ఇంట్లో ఉన్న మందుల సంచిని అట్టలతో సహా పట్టుకువెళ్లడం అన్నిటికన్నా మంచి పద్ధతి.

మీరు అడగవలసినవి

బాధ మోకాలిదేనా, వెన్నుదా? ఒక కాలికా, రెండు కాళ్లకా? ఎన్ని రోజులు ఆసుపత్రిలో ఉండాలి? పథకం కింద ఏ ఖర్చు వస్తుంది, ఏది రాదు? ఈ చివరి ప్రశ్నను ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్ర లేక వైద్యమిత్ర బల్ల దగ్గర, చేరకముందే అడగండి. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందు ఎన్నాళ్లు? కుట్లు ఎప్పుడు తీస్తారు, మార్కాపురంలోనే తీయించుకోవచ్చా? రాత్రివేళ అనుమానం వస్తే ఏ నంబరుకు ఫోను చేయాలి? డిశ్చార్జి కాగితం ఆంగ్లంలో ఉంటుంది. అందులోని ప్రతి మందు పేరు పక్కన తెలుగులో ఎందుకు, ఎప్పుడు, ఎన్నాళ్లు అని వారి ఎదుటే రాయించుకోండి. అడగడం అమర్యాద అని వెనుదీయకండి.

ఇంటి దగ్గర

రోగి ఇంటికి రాకముందే ఇల్లు సర్దాలి. నేలమీది పడక, కుంగిపోయే నులక మంచం పనికిరావు; మోకాలి ఎత్తు ఉన్న గట్టి మంచం కావాలి. గొంతుకూర్చునే మరుగుదొడ్డికి బదులు కమోడ్ లేదా కమోడ్ కుర్చీ అమర్చాలి. పలకల గనులలోనూ పొలంలోనూ గొంతుకూర్చొని పని చేసినవారికి ఇకపై ఆ భంగిమ సాధారణంగా వద్దని ముందే చెప్పి ఒప్పించాలి. జారే గచ్చు, వదులు పట్టాలు, కాళ్లకు అడ్డుపడే గడపలు, రాత్రి వెలుతురు లేని దారి చూసుకోవాలి.

ప్రేమతో చేసే కొన్ని పనులు హాని చేస్తాయి. మార్చిన మోకాలి కింద దిండు పెడితే రోగికి హాయిగా ఉంటుంది, కానీ మోకాలు వంగిన స్థితిలోనే బిగుస్తుంది. దిండు పెట్టవలసి వస్తే మడమ కింద పెట్టాలి. 'కదలకుండా పడుకో' అనడం కూడా అంతే. పాదాలు ఆడించడం, తొడ కండరం బిగించడం, మడమను జరుపుతూ మోకాలు వంచడం, వాకరుతో కొద్దికొద్దిగా నడవడం ఫిజియోథెరపిస్టు చెప్పినట్లు రోజుకు అనేకసార్లు జరగాలి. నొప్పి మాత్ర వ్యాయామానికి కొంత ముందు పడేలా వేళలు సర్దమని వైద్యుని అడగండి. మెట్లు ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు ఆపరేషన్ కాలు ముందు. తుంటి మార్చినవారు కాలు మీద కాలు వేయడం, నడుమును అతిగా వంచడం వైద్యుడు అనుమతించేవరకు మానాలి. గాయం మీద పసుపు, ఆకుపసరు, తైలమర్దనం, కట్టు వద్దు. మార్చిన కీలులో ఊళ్లో ఎవరిచేతా సూది వేయించకండి.

కొన్ని వారాలు, నెలలు కాస్త వాపు, వెచ్చదనం, మచ్చ పక్కన తిమ్మిరి, నడిచేటప్పుడు చిన్న టక్కుమనే శబ్దం సహజమే. వాటికి బెదరకండి. గాయం నుంచి రసి లేక చీము కారడం, ఎరుపు పెరగడం, తగ్గుతున్న నొప్పి తిరిగి హెచ్చడం, జ్వరం వదలకపోవడం కనబడితే అదే రోజు ఆపరేషన్ చేసిన వైద్యునికి చెప్పాలి. పిక్క వాచి నొప్పి పుట్టినా అంతే. హఠాత్తుగా ఆయాసం, ఛాతీనొప్పి వచ్చినా, మార్చిన తుంటి ఒక్కసారిగా నొప్పి పెట్టి కాలు పొట్టిగా తిరిగిపోయినా 108కి ఫోను చేయండి. నెలలు, ఏళ్లు గడిచాక కూడా కాలిలో ముల్లు గుచ్చుకొని చీము పట్టినా, పంటిలో చీము చేరినా త్వరగా వైద్యం చేయించాలి. సూక్ష్మజీవులు రక్తం ద్వారా కృత్రిమ కీలును చేరగలవు. గ్లక్ కాలపు పాఠం ఇక్కడికీ వర్తిస్తుంది.

దాచవలసిన చిన్న కాగితం

శస్త్రచికిత్స నాడు కీలు పెట్టె మీద ఉండే అంటింపు చీటీలను ఆసుపత్రి కేసు షీటులో అతికిస్తారు. తయారీదారు పేరు, రకం, కొలత, బ్యాచ్ నంబరు వాటిలో ఉంటాయి. వాటి నకలును మీరు అడిగి తెచ్చుకోండి. ఎందుకంటారా? 2010 ఆగస్టులో ఏఎస్ఆర్ అనే లోహపు తుంటి కీలును, అది ఆశించినదానికన్నా ముందే విఫలమవుతున్నదని తేలి, ప్రపంచవ్యాప్తంగా ఉపసంహరించారు. ఇతర దేశాల రిజిస్టర్లలోని లెక్కలే ఆ లోపాన్ని వెల్లడి చేయడంలో తోడ్పడ్డాయి. భారతదేశంలో ఆ కీళ్లతో సుమారు 4,700 శస్త్రచికిత్సలు జరిగాయి. కేంద్రం నియమించిన నిపుణుల సంఘం పరిశీలించే నాటికి వారిలో అధికభాగం రోగుల ఆచూకీ దొరకలేదు. పరిహారం నిర్ణయమైనా, అది ఎవరికి ఇవ్వాలో తెలియని స్థితి ఏర్పడింది. తన శరీరంలో ఏ కీలు ఉందో తెలియని మనిషికి హెచ్చరిక ఎలా అందుతుంది?

ఆ చీటీ నకలు, డిశ్చార్జి కాగితం, ఆపరేషనుకు ముందూ తరువాతా తీసిన ఎక్స్‌రేలు ఒక సంచిలో ఉంచి, ఇంట్లో ఇద్దరికైనా ఆ సంచి ఎక్కడుందో చెప్పండి. ఫోనులో వాటి ఫొటోలు ఉంచుకోండి. పదేళ్ల తరువాత ఏదైనా ఇబ్బంది వస్తే, అప్పటి వైద్యుడు మొదట అడిగేది వాటినే.

చివరగా నీటి సంగతి. విజయనగర కాలంలో గుండ్లకమ్మకు అడ్డుకట్ట వేసి కంభం చెరువును నిర్మించినవారు ఈ నేలకు ఉపరితల జలాన్ని ఇచ్చారు. సాధారణంగా అటువంటి నీటిలో ఫ్లోరైడ్ తక్కువ. లోతు బోర్లలో ఎక్కువ. వెలిగొండ ద్వారా కృష్ణా జలాల కోసం ఈ ప్రాంతం దశాబ్దాలుగా ఎదురుచూస్తూనే ఉంది. ఈలోగా మీ ఇంట తాగే నీటిని పరీక్ష చేయించండి. లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఫ్లోరైడ్ ఉండడం వాంఛనీయం, వేరే నీరు దొరకనిచోట 1.5 గరిష్ఠ పరిమితి. కాచి వడపోసినంత మాత్రాన ఫ్లోరైడ్ పోదు. తాతగారి మోకాలు మార్పించిన ఇంట్లోనే మనుమలు అదే బోరు నీరు తాగుతున్నారేమో ఈ వారమే చూసుకోండి.